మోచేతి లోతు

నీళ్ళను చూసి వాటి మనసు చెప్పగలడని తోటపల్లి గూడూరు చుట్టుపక్కల హజరత్తయ్యకు పేరు. ఆయన పేరు చూసి ముస్లిమనుకునేరు, అచ్చమైన వరి రైతుల బిడ్డ. కడుపు పండితే దర్గా పేరు పెట్టుకుంటానని వాళ్ళమ్మ మొక్కుకుంది, పండింది, పెట్టుకుంది. నెల్లూరు సీమలో అదేం వింత కాదు. వింత అంటూ ఉంటే అది ఆయనకు నీళ్ళ మీద ఉన్న భక్తి. వరి మానేసి రొయ్యల గుంటలు తవ్వించిన నాటి నుంచీ పొద్దున్నే ఆయన మొదటి పని గట్టు దిగి, చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి దాకా నీళ్ళలో ముంచడం. వేళ్ళు కనబడలేదా, ఆ రోజు ఆయనకు పండగ. నీళ్ళకు కలర్ నిలబడిందని అర్థం. కంటికి ఆనని నాచుతో నీళ్ళు పచ్చగా, చిక్కగా ప్రాణం పోసుకున్నాయని అర్థం. ఆ కలర్ కోసమే తవుడూ బెల్లమూ పులియబెట్టి పోస్తాడు, ఎండ కోసం ఆకాశానికి దండం పెడతాడు. మోచేతి లోతున వేళ్ళు కనబడ్డాయంటే మాత్రం గుండె జారిపోతుంది. తేటపడిన గుంటలో రొయ్య నిలవదు. ఒక ఏడు అలాగే రాత్రికి రాత్రి ఒక గుంట అద్దంలా తేటపడింది. తెల్లారి చూస్తే గట్టు పొడుగునా రొయ్యలు తెల్లగా తేలి ఉన్నాయి. ఆ తెలుపు ఆయన కళ్ళలోంచి ఇప్పటికీ పోలేదు.

అలాంటి మనిషి భార్య ఆదిశేషమ్మ నీళ్ళలో కాలు పెట్టదు. కాపురానికి వచ్చిన కొత్తలో, మొదటి పంట పట్టే రోజున, అందరితోపాటు తనూ చీర ఎగదోపి గుంటలో దిగింది. నీళ్ళు మోకాలి లోతే. అడుగున నల్లబురద ఎంత ఉందో ఎవరికి కనబడింది? తొడ దాకా కూరుకుపోయింది. కాలు పైకి లాగేకొద్దీ లోపలికే పోయింది. నలుగురు పట్టి లాగితే మనిషి బయటికొచ్చింది కానీ కాలి మెట్టె రాలేదు. పంటయ్యాక గుంట ఎండబెట్టి దున్నించినా అది దొరకలేదు. హజరత్తయ్య కొత్త మెట్టె చేయించి పెట్టాడు, భయానికి మాత్రం మందు దొరకలేదు. నా కాలు నాకు కనబడని చోట నేను దిగనని ఆమె ఒక్క మాట అన్నది, ఆ మాట మీదే ఉన్నది. కోడూరు సముద్రపొడ్డుకు చుట్టాలను తీసుకుపోయినా తడి ఇసుక దగ్గరే ఆగిపోయేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నవ్వి తప్పించుకునేది.

ఇప్పుడు ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. నెల్లూరు డాక్టరు ఎముకల బొమ్మ వెలుతురుకు పెట్టి చూపించి, నేల మీద నడిస్తే నొప్పి, నడవకపోతే కాళ్ళు బిగుసుకుపోతాయి, అందుకని రోజూ రొమ్ము లోతు నీళ్ళలో నడవమన్నాడు. నీళ్ళు బరువు మోస్తాయి, కాళ్ళు పని చేస్తాయి అన్నాడు. అది చెయ్యకపోతే ఏమవుతుందని హజరత్తయ్య అడిగితే, మంచమే గతి అని దాచకుండా చెప్పాడు. ఆదిశేషమ్మ తిరిగొచ్చే దారి పొడుగునా కారు కిటికీలోంచి కాలవల వంక చూస్తూ కూర్చుంది.

ఆ ఏడు రొట్టెల పండగకు దర్గా పక్క చెరువులో జనమంతా దిగి, కోరిక తీరినవాళ్ళు ఇస్తే కోరుకునేవాళ్ళు అందుకుంటూ రొట్టెలు మార్చుకుంటుంటే ఆమె ఎప్పట్లాగే మెట్ల మీదే నిలబడిపోయింది. హజరత్తయ్యే నడుం లోతు నీళ్ళలోకి పోయి, ఎవరో తల్లి చేతిలోంచి ఆరోగ్యం రొట్టె అందుకుని తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని తిన్నది.

"ఎవురి రొట్టె వాళ్ళే దిగి తీసుకోవాలంట గదయ్యా" అన్నది, తిన్నాక.

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. నెల తిరక్కుండా ఇంటి వెనక ఉన్న చిన్న గుంటను, రొయ్య పిల్లలను పెంచే దాన్ని, ఎండగట్టించాడు. అడుగూ గోడలూ కాంక్రీటు పోయించి, మెట్లు కట్టించి, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ పెట్టించి స్విమ్మింగ్ పూల్ లేపాడు. ఊరు ఊరుకుంటుందా? పక్క గుంటల చిన్నపోలయ్య వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇందులో ఏ రొయ్య సీడు వదలతావన్నా అని అడిగిపోయాడు. హజరత్తయ్య నవ్వాడు గానీ మనసులో బెదురు ఉంది. ఇంత చేశాక ఆమె దిగకపోతే?

ఇక మిగిలింది లోపలి పూత. దానికి నెల్లూరు నుంచి ఆఫ్తాబ్ వచ్చాడు. నేలకూ గోడకూ నీళ్ళతొట్టికీ టైల్స్ వేయించడం వాళ్ళ ఇంటి పని. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వస్తూ నాలుగు రకాల పలకలు తెచ్చాడు. నీలం గాజు టైలు, ముదురు ఆకుపచ్చ రాయి, నల్లటి గులకరాళ్ళు అద్దిన పలక, పాలరాతి పొడి కలిపిన తెల్ల సిమెంటు పూత పూసిన పలక. వాటిని చేతికివ్వలేదు. రొయ్యలు పట్టేటప్పుడు వాడే టబ్బులు అడిగి తీసుకుని, ఒక్కో దాంట్లో ఒక్కో పలక పరిచి, అన్నిట్లో ఒకే కుళాయి నీళ్ళు నింపి, ఎండలో గట్టు మీద వరసగా పెట్టాడు. పొడి రాయి మాట నమ్మకూడదన్నా, నీళ్ళు నిలిచాకే అది నిజం చెబుతాది అన్నాడు.

హజరత్తయ్య వంగి చూశాడు, చూసి అలాగే ఉండిపోయాడు. ఒకే కుళాయి నీళ్ళు. ఒక టబ్బులో అవి నీలం, ఒకదాంట్లో పచ్చ, ఇంకోదాంట్లో వాన ముందరి సముద్రం. కలర్ నీళ్ళలో ఉంటుందని ఇన్నేళ్ళూ దాన్ని బతిమాలుతూ బతికాడు. అడుగు కూడా నీళ్ళకు రంగు ఇస్తుందని ఒక్కసారీ తోచలేదు. నాలుగో టబ్బు వంక చూశాడు. తెల్ల పలక మీద నీళ్ళు ఉన్నాయో లేవో కూడా తెలియలేదు. చప్పున చూపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత చేసిన పనికి ఆఫ్తాబ్ ఇప్పటికీ నవ్వుతాడు. హజరత్తయ్య చొక్కా చెయ్యి పైకి లాగి, వరసగా ఒక్కో టబ్బులో చెయ్యి ముంచాడు. వేళ్ళు ఎందులో తక్కువ కనబడతాయో చూశాడు. పచ్చ రాయి దగ్గర ఆగి, రెండోసారి ముంచి, తృప్తిగా తలూపాడు. ఇదే ఖాయం చెయ్యమన్నాడు, కలర్ బాగా నిలబడిందన్నాడు.

ఆఫ్తాబ్ కాసేపు నీళ్ళు నమిలాడు. నీ ఇష్టమన్నా, అక్క ఒకసారి చూస్తే బాగుంటుంది అన్నాడు. నీళ్ళ సంగతి ఆమెకేం తెలుసని హజరత్తయ్య కొట్టిపారేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

అప్పటికే ఆదిశేషమ్మ గోడ పట్టుకుని పెరట్లోకి వచ్చి ఉంది. ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుని, టబ్బులను తన కాళ్ళ దగ్గరకు జరపమంది. ఆఫ్తాబ్ జరిపాడు. ఆమె కుడికాలు ఎత్తి పచ్చ టబ్బులో పెట్టింది. చూసింది, తీసేసింది. నీలంలో పెట్టింది. గులకరాళ్ళ దాంట్లో మునివేళ్ళు ఆనించి వెంటనే వెనక్కి లాగేసుకుంది. చివరికి తెల్లదాంట్లో పెట్టింది. పగిలిన మడమ, పసుపు పట్టిన గోళ్ళు, రెండో వేలికి మెట్టె, అన్నీ కనబడుతున్నాయి. వేళ్ళు ఆడించింది. కాలు అందులోనే ఉంచింది.

"ఇది" అన్నది.

"తెలుపైతే అడుగు కనపడతాదిమే" అన్నాడు హజరత్తయ్య.

"కనపడాలనే గదా. గుంట రొయ్యలకా, నాకా?"

హజరత్తయ్య పని రెండు రోజులు ఆపమని ఆఫ్తాబ్‌ను పంపేశాడు. ఆమె మాట కొట్టేయాలని కాదు. తెల్లటి అడుగు మీద తేటనీళ్ళు అనుకుంటే చాలు, గట్టు పొడుగునా తేలిన రొయ్యలు కళ్ళ ముందుకొస్తున్నాయి. ప్రాణం లేని నీళ్ళలోకి, అదీ తన చేతులతో కట్టించిన నీళ్ళలోకి ఆమెను ఎలా దించేది? ఎవరికైనా చెప్పుకుంటే నవ్వుతారని కూడా తెలుసు. భయానికి సిగ్గు తోడైతే మనిషి మాట్లాడడు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే పెద్ద గుంటలో చెయ్యి ముంచాడు. కలర్ భేషుగ్గా ఉంది. మోచేతి కింద చెయ్యి ఉన్నట్టే లేదు. రోజూ చూసేదే, రోజూ సంతోషించేదే. కానీ ఆ పొద్దున ఆ లేని చేతి వంక ఇంకొంచెం సేపు చూశాడు. తన చెయ్యి కింద ఏముందో తనకు తెలియదు. ఇన్నేళ్ళూ తెలియకుండానే నమ్మి దిగాడు. ఆమెకూ ఒకనాడు నమ్మకమే ఉండింది, పెళ్ళైన కొత్త, అందుకే అడక్కుండా దిగింది. ఆ నమ్మకాన్ని ఈ నీళ్ళ అడుగే మింగింది. చెయ్యి తుడుచుకుని అక్కణ్ణుంచే ఆఫ్తాబ్‌కు ఫోన్ చేశాడు.

"తెలుపే ఎయ్యి అబ్బయా" అన్నాడు.

ఆఫ్తాబ్ మనుషులు తెల్ల పూత పూసి, వెన్న రాసినట్టు నున్నగా తేల్చారు. పూత కందకుండా పైపు మూతికి గుడ్డ చుట్టి అడుగున పెట్టి తియ్యనీళ్ళు వదిలారు. మధ్యలో ఆపితే ఆపిన చోట గీత పడిపోతుందని, ట్యాంకరు వెనక ట్యాంకరు తెప్పించి హజరత్తయ్య అన్నం కూడా అక్కడే తిన్నాడు. తర్వాత కొన్నాళ్ళు గోడలు తోమడం, పిండిలా రాలిన తెల్లదుమ్ము తీయడం, మందు కలపడం. అన్నాళ్ళూ పైన పట్టా కప్పే ఉంచారు. పట్టా తీసిన పొద్దున పెరట్లోకి అడుగు పెట్టిన హజరత్తయ్య గడప దగ్గరే నిలబడిపోయాడు.

నీళ్ళు నీలంగా ఉన్నాయి. టబ్బులో ఉన్నాయో లేవో తెలియని ఆ నీళ్ళే, తెల్లటి అడుగు మీద లేత నీలంగా, లోతుకు పోయేకొద్దీ ఇంకా నీలంగా ఉన్నాయి.

"ఏం మందేసినావు దీనికి?" అన్నాడు ఆఫ్తాబ్‌తో. గొంతు తగ్గింది, గుళ్ళో మాట్లాడినట్టు.

"రంగుకి ఏమీ ఎయ్యలా అన్నా. నీళ్ళ రంగే అది. కాసిన్ని ఉంటే కనపడదు, ఇన్ని ఉంటే కనపడతాది."

అయితే నీళ్ళకు సొంత కలర్ ఉందన్నమాట. తవుడు పోయకుండా, బెల్లం పోయకుండా, ఎవరూ దండం పెట్టకుండా. హజరత్తయ్య గట్టున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అడుగున ఎండ సన్నటి వలలా అల్లుకుని కదులుతోంది. విసిరినవాడు లేడు, లాగేవాడు లేడు, వల మాత్రం తిరుగుతోంది. అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి పైకి లాగి ముంచాడు. ఐదు వేళ్ళూ కనబడ్డాయి. గోళ్ళు, ఉంగరం, కత్తి గాటు మచ్చ కూడా. చెయ్యి సగం వెనక్కి లాగాడు. లాగి, మళ్ళీ మెల్లగా దించాడు. చేతి నీడ పోయి అడుగున తెల్లటి నేల మీద వాలింది. ఇంత అందం నీళ్ళ కింద ఉంటుందని ఆయనకు తెలియదు. కళ్ళు తడయ్యాయి, దాచుకోలేదు.

ఆదిశేషమ్మ వచ్చింది. కడ్డీ పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. కాలి వంక చూసుకుంది. రెండో మెట్టు. మళ్ళీ ఆగింది, మళ్ళీ చూసుకుంది. హజరత్తయ్యకు పిలవాలనిపించింది, పిలిస్తే ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని పిలవలేదు. నడుం మునిగింది, రొమ్ము దాకా వచ్చింది. అడుగు మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, తల వంచి చాలాసేపు చూసుకుంది. అప్పుడు కడ్డీ వదిలేసింది.

నడిచింది. ఇంట్లో గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచే మనిషి, ఏమీ పట్టుకోకుండా, చేతులతో నీళ్ళు పక్కకు నెట్టుకుంటూ అవతలి గోడ దాకా పోయి, వెనక్కి తిరిగింది. ముఖంలో నొప్పి లేదు. హజరత్తయ్య చేతులు రెండూ తెలియకుండానే జోడించుకుపోయాయి. ఎవరికి పెట్టాడో దండం, ఆమెకో, నీళ్ళకో. ఆఫ్తాబ్ ఆ వైపు చూడకుండా మోటారు దగ్గరకు పోయాడు.

"వచ్చే పండక్కి చెరువులో దిగి రొట్టె నేనే ఇస్తా" అన్నది ఆదిశేషమ్మ. తర్వాత గట్టు మీద కూర్చున్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వేంది ఆడ కూచుండావు? దిగు."

నిండా మునిగినవాడికి చలేమిటని లుంగీ ఎగ్గట్టి దిగాడు. దిగి ఆమె పక్కన నిలబడ్డాడు. నీళ్ళు కదిలి, కదిలి, నిమ్మళించాయి. ఆమె కిందికి చూస్తుంటే తనూ చూశాడు. తెల్లటి అడుగు మీద ఆమె పాదాలు, మెట్టెలు. వాటి పక్కన ఇంకో జత. వేళ్ళు ఎడమెడంగా విచ్చుకుపోయి, గోళ్ళు నల్లబడి, వేళ్ళ సందుల్లో నీళ్ళు తిన్న తెల్లటి చారలతో, ఎవరో ముసలివాడి పాదాలు. క్షణం పట్టింది. బతుకంతా నీళ్ళలో నిలబడినవాడు, నీళ్ళలో తన కాళ్ళు చూసుకోవడం అదే మొదలు.

"ఇయ్యేనామే నా కాళ్ళు?" అన్నాడు.

"అయ్యే" అన్నది ఆమె, తన పాదాన్ని జరిపి వాటికి ఆనించి. "ఆనాడు పోయిన నా మెట్టె యాడ తొక్కేసినాయో, ఇప్పుడు వాటినే అడుగుదాం పా."

ఇద్దరూ అవతలి గోడ వైపు నడిచారు.