నీళ్ళ మీద దింపుడు కళ్లం

దయ్యాలంటే నాకు భయం లేదు. కోపం కూడా లేదు. లేనివాటి మీద కోపం దేనికి? నా కోపమంతా వాటి పేరు చెప్పి బతికేవాళ్ళ మీద. కోరుట్లలో ఉంటాను. బాణామతి చేసిందని ఒక ముసలామె పళ్ళు రాలగొట్టిన ఊళ్ళో, రాలగొట్టినవాళ్ళ ఎదుటే మైకు పట్టుకుని మాట్లాడిన మనిషిని. మల్లాపూర్ వైపు ఊళ్ళలో, జగిత్యాల కాలేజీల్లో ఎవరు పిలిచినా పోయి నిప్పుల మీద నడిచి చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించాను.

ఎవరైనా "నాకే జరిగింది సార్" అని మొదలుపెడితే మధ్యలోనే ఆపేవాణ్ణి. ఎవరు విన్నారు, ఎంత దూరం నుంచి విన్నారు, వినకముందు మనసులో ఏముంది, అని అడిగేవాణ్ణి. ఇప్పుడు నేనే అలాంటిది రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్నూ అలాగే అడగాలి.

మా అక్క సులోచన ఊరు సిరిసిల్ల దగ్గర, తంగళ్ళపల్లి దాటాక. రిజర్వాయరు నిండినప్పుడు ఆ ఊరి పొలాలు, దారి, కింది వాడ అన్నీ మునిగాయి. గుట్ట మీదున్న ఇళ్ళు మిగిలాయి. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇళ్ళు. కాగితాల మీద ఊరికి వేరే పేరుంది గానీ ఇప్పుడు అందరూ 'గడ్డ' అనే అంటారు.

గడ్డకు పోవాలన్నా, గడ్డ నుంచి రావాలన్నా పడవే. పడవంటే తెడ్డు వేసేది కాదు. బల్లపరుపుగా ఉండే ఇనుప పడవ. ముందు రేకును ఒడ్డు మీదికి దించితే అదే దారవుతుంది. కార్లు, ఆటోలు, ఓ ట్రాక్టరు ఎక్కుతాయి. మిగిలిన సందుల్లో బండ్లు, మేకలు, మనుషులు. మొదట్లో ఒట్టి డీజిలుతో నడిచేది. తర్వాత బ్యాటరీలు కూడా పెట్టారు. బరువెక్కువైనప్పుడు, గాలి ఎదురైనప్పుడు ఇంజను. మిగతా దూరం బ్యాటరీ. ఇంజను ఆగి బ్యాటరీ అందుకోగానే చప్పుడు కోసేసినట్టు పోతుంది. ఇనుముకు నీళ్ళు తగలడం తప్ప ఇంకేమీ వినబడదు. ఈ పడవ మీద నేను ఉత్సాహంగా ఒక వ్యాసం కూడా రాశాను.

దాన్ని నడిపేది యాకూబ్ భాయ్. బ్యాటరీలు పెట్టిన కొత్తలో, ముందు రేకుకు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతుంటే చూసి నేను ఊరుకోలేకపోయాను. కరెంటు పడవకు దిష్టి ఏమిటని అడిగాను.

"నేను గట్టలే సార్. మీరంటె తీసేస్త" అన్నాడు యాకూబ్ భాయ్. "గని రేపు జనం ఎక్కకపోతె నాకు జీతం మీరే ఇయ్యాలె."

పక్కనే మోపెడ్ పట్టుకుని మా బావ గంగారాం నిలబడి ఉన్నాడు. అక్క భర్త. చిన్నప్పటి నుంచీ సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసిన మనిషి. ఆ చప్పుడులో బతికి బతికి చెవులు మందగించాయి, గొంతు పెరిగింది. గుసగుస చెప్పినా పడవంతా వినబడేది.

"ఉండనియ్యి బామ్మర్దీ. నిమ్మకాయల కరెంటుంటదని మీ సైన్సు పుస్తకంలనే ఉన్నదాయె. బ్యాటరీ దిగితే పిండుకుంటం" అన్నాడు.

పడవలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా సభలకు వచ్చి ముందు వరసలో కూర్చుని, నన్ను ఇలా ఆటపట్టించి, చివర అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టే ఒకే ఒక బంధువు ఆయన. వాళ్ళకు పిల్లలు లేరు.

పోయిన చలికాలంలో మగ్గం దగ్గరే బావకు ఛాతీలో నొప్పి వచ్చింది. తోటివాళ్ళు సిరిసిల్లలో దవాఖానకు తీసుకుపోయారు. నేను కోరుట్ల నుంచి చేరేసరికి అయిపోయింది. డాక్టరు నాతోనే చెప్పాడు. మరణాన్ని ధ్రువీకరించిన కాగితం నేనే తీసుకున్నాను. అదే పడవలో గడ్డకు తెచ్చాం. రాత్రంతా మంచు పెట్టెలో ఉంచాం.

నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కుర్చీలు వేయించాను, చాయ్ తెప్పించాను, ఫోన్లకు జవాబు చెప్పాను. నా చేతులు ఎవరివో అయినట్టు వాటి పని అవి చేసుకుపోయాయి. మర్నాడు మధ్యాహ్నం పాడె లేచింది.

గడ్డ మీద కాల్చడానికి చోటు లేదు, అంతా బండ. పాత శ్మశానం నీళ్ళ కింద ఉంది. కొత్త వైకుంఠధామం అవతలి ఒడ్డున కట్టారు. కాబట్టి గడ్డ మీద ఎవరు పోయినా చివరి ప్రయాణం పడవ మీదే.

ఇక్కడ దింపుడు కళ్లం గురించి చెప్పాలి. పాడెను దారి మధ్యలో కిందికి దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పలికితే ప్రాణం ఉన్నట్టు. పలకకపోతే ముందుకు సాగుతారు. మన ఆచారాల్లో నేను మెచ్చుకుంటూ రాసింది ఇదొక్కటే. అందులో మంత్రం లేదు, దక్షిణ లేదు, అయ్యవారు లేడు. అది పూజ కాదు, పరీక్ష అని రాశాను. నాడి చూసే సాధనాలు లేని కాలంలో, బతికున్న మనిషిని పొరపాటున కాల్చకుండా పెద్దలు పెట్టుకున్న జాగ్రత్త అని రాశాను. ఆ మాటలకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

గడ్డవాళ్ళు పాడె దించే చోటు కూడా మునిగిపోయింది. అందుకని పడవ సరిగ్గా ఆ చోటి మీదికి రాగానే ఆపుతారు. డీజిలు రోజుల్లో ఇంజను రొదలో పిలిచేవాడి గొంతు వాడికే వినబడేది కాదు. ఇప్పుడు బ్యాటరీ మీదికి మార్చి, దాన్నీ ఆపేస్తారు. పరీక్ష సరిగ్గా జరగడానికి ఇప్పుడే వీలు కుదిరింది.

యాకూబ్ భాయ్ పడవ ఆపాడు. డప్పులు ఆగాయి. పాడెను రేకు మీదికి దించారు. బావ తమ్ముడు లచ్చన్న పిలవడానికి వంగుతుంటే అక్క ఆపింది. వద్దన్నా వినకుండా ఆమె పడవెక్కి వచ్చింది.

"నువ్వొద్దు లచ్చన్నా. మా తమ్ముడు పిలుస్తడు."

"నాకు గిసొంటివాటి మీద నమ్మకం లేదు గదక్కా" అన్నాను.

"నమ్మకం లేనోడే పిలవాలె. ఉన్నోనికి పలకకున్నా పలికినట్టే వినబడ్తది."

నలభై సభల్లో నేను చెప్పాల్సిన మాట అది. మోకాళ్ళ మీద కూర్చున్నాను. ముక్కులో దూది, నుదుట పసుపు. చెవి దగ్గరికి వంగి "బావా" అన్నాను. ఆగాను. మళ్ళీ "బావా" అన్నాను. నీళ్ళు ఇనుముకు తగులుతున్నాయి. మనసులో ఏముందని అడుగుతారు కదా, ఏమీ లేదు. మోకాలి కింద రేకు ఎండకు కాలుతోందని మాత్రం గుర్తుంది. మూడోసారి "బావా" అన్నాను.

"ఓ... చెప్పు."

గట్టిగా. ఏదో పనిలో ఉండి, తల తిప్పకుండా పలికినట్టు. మగ్గాల మధ్య మాట్లాడే గొంతు.

నా ముఖం ఆయన ముఖానికి జానెడు దూరంలో ఉంది. పెదవులు కదలలేదు. మాట అక్కడి నుంచి రాలేదు. ఎక్కడి నుంచి వచ్చిందంటే చెప్పలేను. మా మధ్యలో నిలబడ్డ మనిషి పలికినట్టు వచ్చింది.

యాకూబ్ భాయ్ క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఎవరది? ఎవరు పలికిండ్రు?" అన్నాడు.

"ఎవలు లేరు, నువ్వు నడుపు" అన్నాడు లచ్చన్న.

అక్క నా మణికట్టు పట్టుకుంది. "తమ్మీ, ఇన్నవా?"

లచ్చన్న నా చెవిలో, "సారూ, లేదని చెప్పు. ఇన్న అన్నవంటె ఈమె నిప్పు పెట్టనియ్యది. శవాన్ని ఎన్ని దినాలు పెట్టుకుంటం?" అన్నాడు.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ పడవలో 'లేదు' అనడానికి నాకంటే తగినవాడు లేడు. నేను లేదంటే డప్పులవాళ్ళు కూడా తాము విన్నది వినలేదనుకునేవాళ్ళు. అక్క కూడా ఒప్పుకునేదేమో. అప్పటికి నా వయసంతా ఆ ఒక్క మాట చెప్పుకుంటూనే గడిచింది. కానీ నేను విన్నాను. విన్నది లేదనడం కూడా మూఢత్వమే.

"ఇన్నక్కా" అన్నాను.

"అయితే దవాఖానకు నడువుండ్రి" అంది అక్క.

లచ్చన్న తల పట్టుకున్నాడు. నేను బావ ఛాతీ మీద చెవి పెట్టాను. కనురెప్పలు ఎత్తి ఫోన్ వెలుతురు వేసి చూశాను. చన్నీళ్ళలోంచి తీసిన రాయిలా ఉన్నాడు. అయినా పరీక్షలో జవాబు వచ్చాక దాన్ని పక్కన పెట్టి కాల్చడం కుదరదు. వైకుంఠధామం దగ్గర ఆగకుండా, ఒడ్డున ఉన్న వ్యానులో సిరిసిల్లకు తీసుకుపోయాం.

ఒడ్డు చేరేలోపు ఒక పని చేశాను. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఏం విన్నావని అడిగాను. డప్పులవాళ్ళిద్దరూ "ఓ, చెప్పు" అనే అన్నారు. యాకూబ్ భాయ్‌కి అది మూడో పిలుపని కూడా తెలియదు. నా గొంతు అతనికి అందలేదు. జవాబు మాత్రం అందింది. మోసినవాళ్ళలో ఒకతను "ఓ" అన్నంతవరకే విన్నానన్నాడు. లచ్చన్న ఏమీ వినలేదన్నాడు. పాడెకు నా తర్వాత దగ్గరగా ఉన్నది అతనే. అందుకే అదీ రాస్తున్నాను.

వ్యానులో అక్క నాకు ఎదురుగా కూర్చుంది. "ఎప్పుడన్న మొదటి పిలుపుకు పలికిండా మీ బావ? మూడుసార్లు మొత్తుకుంటె గని పలకకపోతుండె" అంది. అని కాస్త నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి నాకు భయం వేయాలి. వేయలేదు. కిటికీలోంచి మగ్గాల షెడ్లు పోతుంటే చూస్తూ కూర్చున్నాను.

దవాఖానలో మళ్ళీ చూశారు. ఛాతీకి తీగలు పెట్టారు. కాగితం మీద గీత వంకర లేకుండా పోయింది. ప్రాణం పోయి ఒక రోజు కావస్తోందన్నారు. కుర్ర డాక్టరు నా ముఖం చూసి, "సార్, మా కాలేజీకొచ్చి మాట్లాడింది మీరే గదా?" అన్నాడు. అవునన్నాను.

కాగితాల కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు ఒక్కొక్కటే ఆలోచించాను. శవాన్ని కదిలిస్తే లోపలి గాలి గొంతులోంచి వచ్చి మూలిగినట్టు వినబడుతుంది. దాని మీద నేనే రాశాను. కానీ మూలుగు వేరు, 'చెప్పు' అనడం వేరు. ప్రతిధ్వనా? నేనన్నది 'బావా'. ఒడ్డు మీద ఎవరైనా అరిచారా? ఆ దూరం నుంచి అరుపు అరుపులా వస్తుంది, పక్కన నిలబడి పలికినట్టు రాదు. ఫోనా? ఆయన ఫోను మగ్గం దగ్గరే ఉండిపోయింది. మాలో ఎవరైనా పలికారా? నిద్రలేని మనసులు వినాలనుకున్నది విన్నాయా? మాకు సరే, తన పని తాను చేసుకుంటున్న యాకూబ్ భాయ్‌కి ఎందుకు? ఏదో ఒకటి అయ్యే ఉంటుంది. ఏదన్నది నాకు దొరకలేదు.

పొద్దు వాలుతుండగా వైకుంఠధామం చేరాం. కట్టెల మీద పడుకోబెట్టారు. లచ్చన్న నిప్పుతో నిలబడ్డాడు. ఇప్పుడేమైనా సరే, అక్క ఒప్పుకోకపోతే అది అంటుకోదు. ఆమె నిలబడి చూస్తోంది.

ఒకసారి జరిగింది రుజువు కాదు. మళ్ళీ చేసి చూడాలి. నాకు తెలిసిన దారి అదొక్కటే.

"అక్కా, మళ్ళొక్కసారి పిలుస్త. తేలిపోతది" అన్నాను.

"ఏం తేలుతది?"

"పలకకపోతె మనం ఇన్నది పొరపాటు."

"పలికితె?"

కట్టెల మీదున్న బావ వైపు ఒక అడుగు వేశాను.

"పలికితె మళ్ళ దవాఖానకు కొంటవోతవ్. గా గీత మళ్ళ గట్లనే అస్తది. మళ్ళ ఈడికే తెస్తవ్. నువ్వు పిలుస్తనే ఉంటె ఆయన పలుకుతనే ఉంటడు తమ్మీ. ఎంతసేపు నిలవెడ్తవ్?" అంది. తర్వాత లచ్చన్న వైపు తిరిగి, "పెట్టు. ఇన్నోడు ఇన్న అన్నడు. నాకు గది చాలు" అంది.

లచ్చన్న నిప్పు పెట్టాడు.

నేను లేదని చెప్పి ఉంటే అక్క 'పెట్టు' అనేదా? తెలియదు. ఆమె ఇప్పుడు గడ్డ మీదే ఉంటోంది, నిమ్మళంగా ఉంది. నా సభలు నేను చేస్తూనే ఉన్నాను. బాణామతి లేదు, చేతబడి లేదు, ఆ మాటలో మార్పు లేదు. ఎవరైనా లేచి "మీకెప్పుడూ ఏమీ జరగలేదా సార్?" అని అడిగితే ఇదంతా చెప్తాను. దయ్యాలున్నాయని తేలినట్టు కొందరు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నాకు నచ్చవు.

విన్నదానికి కారణం దొరకలేదంటే దొరకలేదనే చెప్పగలను. దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ సాయంత్రం ఇంకో విషయం ఉంది. అక్క వద్దన్నాక కూడా, మంట పైకి లేచేదాకా నాకు సమయం ఉంది. చిన్నగా పిలిస్తే ఎవరికీ వినబడదు. పిలవాలని వంగాను కూడా. పలకడేమోనని ఆగానో, పలుకుతాడేమోనని ఆగానో నాకు ఇప్పటికీ తెలియదు. నోరు మాత్రం తెరవలేదు.