మా నాన్న చెప్పిన ముప్పై అయిదు అడుగులు

సికింద్రాబాదులో ఎత్తు మీద పని పడితే ఆ రోజుల్లో మాకు రెండే సాధనాలుండేవి: ఒకటి వెదురు నిచ్చెన, రెండోది దేవుడి మీద భారం. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉంది, ఊళ్ళో అద్దాల మేడలు వరసగా లేస్తున్నాయి, ఆ మేడల్లో పైకప్పుకి దీపాలూ గొట్టాలూ బిగించేవాళ్ళకి కత్తెర లిఫ్టులు అద్దెకిచ్చే ఒక బేగంపేట కంపెనీలో నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. (కత్తెర లిఫ్టంటే మరేం లేదు, నాలుగు చక్రాల మీద చుట్టూ కటకటాలున్న బల్ల. కింద ఇనుప కడ్డీలు కత్తెరలా విచ్చుకుంటే బల్ల నిట్టనిలువుగా పైకి లేస్తుంది.) ఎవరికి ఏ లిఫ్టు సరిపోతుందో చెప్పడం నా పని. లోపలయితే బ్యాటరీది, బయట మట్టిలో అయితే డీజిలుది. ఎత్తెంత, తలుపు వెడల్పెంత, నేల బరువు మోస్తుందా అని ఫోనులో గడగడా అడిగేదాన్ని. శిక్షణ పూర్తయిందని ఇచ్చిన సర్టిఫికెట్టు ఇంట్లో టీవీ మీద నిలబెట్టాం. ఆ శిక్షణలో నేను లేచింది పక్కన నిలబడ్డ మనిషి తలకంటే మూరెడు ఎత్తుకేనన్న సంగతి అందులో రాయలేదు, నేనూ చెప్పలేదు.

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. సీతాఫల్‌మండిలో మా ఇంటి దగ్గరి చర్చిలో, క్రిస్మసుకి ముందు మధ్య దూలానికి పెద్ద నక్షత్రం వేలాడగట్టే పని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనదే. "ముప్పై అయిదు అడుగులు! ఒంటిచేత్తో!" అని ఆయన చెప్పగా వినని చుట్టం మాకు లేడు. అలాంటిది ముందటేడాది నిచ్చెన దిగుతూ కళ్ళు తిరిగి ఆఖరి మెట్టు తప్పాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ సంఘపెద్దలు కూర్చుని, ఇక మీదట నక్షత్రం యూత్ వాళ్ళు కడతారు, మీరు కింద నిలబడి ప్రార్థన చెయ్యండి అని తీర్మానించారు. ప్రార్థన చెయ్యమన్నందుకు ఒక క్రైస్తవుడికి అంత కోపం రావడం నేను అప్పుడే చూశాను. మళ్ళీ డిసెంబరు వచ్చేసరికి కోపం పోయి మౌనం మిగిలింది. కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేవాడు. అది చూడలేక, "లిఫ్టు నేను తెస్తాను నాన్నా, నువ్వే కడుదువుగాని" అన్నాను. మా మేనేజరు పండగని ఒప్పుకున్నాడు. అయ్యగారు, అంటే మా పాస్టరు, నిచ్చెన కాకపోతే సరేనన్నారు.

"ఎత్తెంత నాన్నా?" అని అడిగాను. "నీకు తెలీదూ? ముప్పై అయిదు" అన్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ గోడల్ని కూడా టేపు పెట్టి కొలిపించేదాన్ని, మా చర్చిని మాత్రం కొలవలేదు. ఇంటి మనిషి మాట, పైగా ఉగ్గుపాలతో తాగిన అంకె! అందుకు తగ్గట్టు ఓ భారీ లిఫ్టు రాయించుకున్నాను.

అది లారీ మీద వస్తుంటే వీధంతా బయటికొచ్చింది. లిఫ్టు నడిపే ఆయన్ని మేము బ్యాటరీ అన్న అనేవాళ్ళం. (ఎవరేం కష్టం చెప్పుకున్నా ముందు "బ్యాటరీ చూసుకున్నవా?" అనేవాడు.) ఆయన యంత్రాన్నీ చర్చి తలుపునీ మార్చి మార్చి చూశాడు. "ఏంది మేడం గిది? గీ దర్వాజల యాడ వడ్తది? జెర చిన్నది తెప్పియ్యకపోయిన్రా?" అన్నాడు. "ముప్పై అయిదు అడుగులన్నా, చిన్నది అందదు" అన్నాను నేను, నిపుణురాలిలా. మా సంఘం కోశాధికారి లెక్కల అంకుల్ అక్కడే ఉన్నాడు. బడిలో లెక్కల మాస్టారు, చూపు ఊరికే ఉండదు. వరండాలో పడుకోబెట్టిన నిచ్చెన దగ్గరికెళ్ళి అడుగుకి అడుగు ఆనించి లెక్కపెడుతూ ఆ చివరిదాకా నడిచాడు. "ఇది ఇరవై కూడా లేదే! ముప్పై అయిదుకి ఎలా అందిందండీ?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ నిచ్చెన కొలవాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. అందరూ నాన్నవైపు తిరిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లిఫ్టు లోపలికి పోకపోతే రేపు చిన్నది తెప్పించుకోవచ్చు గానీ, ఆ మొహం నేను చూడలేకపోయాను. "మా లైనులో ఎత్తు రకరకాలు అంకుల్. మనిషి నిలబడే ఎత్తు ఒకటి, చెయ్యి చాపితే అందే ఎత్తు ఒకటి. ఆపైన సేఫ్టీకని కొంత కలుపుతాం. నాన్న అన్నీ కలిపి చెప్పారు" అన్నాను. (మొదటి రెండూ నిజమే. మూడోది అప్పటికప్పుడు పుట్టింది.) లెక్కల అంకుల్ వేళ్ళు మడుస్తూ కూడడం మొదలుపెట్టాడు. అయ్యగారు నవ్వు దాచుకోవడానికి బైబిలు తెరిచారు. నాన్న మాత్రం ఇంటికెళ్ళిపోయాడు.

మర్నాడు చిన్న లిఫ్టు వచ్చి, చక్రాల కుర్చీల కోసం కట్టిన వాలు మీదుగా బుద్ధిగా లోపలికి పోయింది. దాని మీద ఇద్దరికే చోటు. బ్యాటరీ అన్న ఎక్కబోతుంటే నాన్న అడ్డుపడ్డాడు. "వేరేవాళ్ళతో నేనెక్కను. మా అమ్మాయి నడిపితేనే. దానికి సర్టిఫికెట్టు ఉంది!" అందరూ చప్పట్లు కొట్టారు. నాకు శిక్షణలో లేచిన ఆ మూరెడు ఎత్తు గుర్తొచ్చింది. బ్యాటరీ అన్న నాకు సేఫ్టీ బెల్టు బిగిస్తూ, "పరేషాన్ గాకు మేడం, కింద సుత దింపే బటన్ ఉంటది, నేనున్న గద" అన్నాడు.

పైకి లేచేకొద్దీ బల్ల కాస్త ఊగుతుంది, అది దాని స్వభావం, కంగారు పడకండి అని ఎంతమందికో ఫోనులో చెప్పాను. అది ఊగింది. నేను మీట వదిలేసి, కటకటాలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. లిఫ్టు ఆగింది. నా చేతిమీద నాన్న చెయ్యి పడింది.

"భయమేస్తోందా?"

"లేదు నాన్నా."

"నాకు వేసేదమ్మా" అన్నాడు కిందివాళ్ళకి వినపడకుండా. "ప్రతి ఏడూ. నిచ్చెన మీద ఒక్కసారీ కిందకి చూళ్ళేదు, చూస్తే దిగలేనని. నాకు ముప్పై అయిదు లాగే ఉండేది."

నేను కళ్ళు తెరిచాను. ఆయన కటకటాల మీదుగా కిందకి చూస్తున్నాడు, జన్మలో మొదటిసారి. నిన్న ఊరి ముందు నేను కాపాడిన పరువుని, నా భయం చూసి ఇవాళ తనే తీసి నా చేతిలో పెట్టాడు. ఏడుపొచ్చింది. ఆయన అదేం పట్టించుకోకుండా, కింద జనంలో ఉన్న అమ్మని చూసి, "మీ అమ్మ జుట్టు ఇంత నెరిసిందా!" అని ఆశ్చర్యపోయాడు. తర్వాత మిగతా ఎత్తూ లేచి ఇద్దరం కలిసి నక్షత్రం కట్టాం. అది కొంచెం వంకరగా వచ్చింది, అలాగే వదిలేశాం.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను ఎత్తు మీద పనిచేసేవాళ్ళకి పాఠాలు చెబుతుంటాను. ఫోనులో గడగడా ప్రశ్నలడిగిన ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది, నవ్వు కాస్త తడిగానే వస్తుంది. మొదటి రోజు, "పైకెళితే భయమేసేవాళ్ళు ఎవరు?" అని అడుగుతాను. ఛాతీలు విరుచుకుంటాయి గానీ ఒక్క చెయ్యీ లేవదు. అప్పుడు ముందు నేనే చెయ్యెత్తుతాను. కాసేపటికి వెనక వరసలో ఎవరో ఒకాయన, మామూలుగా అందరికంటే పెద్దాయన, మెల్లగా ఎత్తుతాడు. ఆయన్ని నా పక్కన నిలబెట్టుకుని మొదట పైకి తీసుకెళతాను.