ఒక్క చెవితో మెల్‌బోర్న్‌కు

న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో టెన్నిస్ ఆడే తెలుగువాళ్ళందరికీ ఫ్రెడ్రిక్ గ్యారేజీ తెలుసు. కారు ఎప్పుడూ బయటే ఉంటుంది. లోపల రాకెట్లకు తీగలు అల్లే గట్టింగ్ మెషిన్, గోడకు వరసగా రాకెట్లు, మూలన హార్మోనియంలా వాయించే ఒక పాత కీబోర్డు. పగలంతా ఆయన వృద్ధులుండే ఒక రెస్ట్‌హోమ్‌లో మరమ్మతులు చేస్తాడు. సాయంత్రం గ్యారేజీలో కూర్చుంటాడు.

గట్టింగ్ ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇరవయ్యో ఏట బాపట్లలో ఒక క్లబ్బులో మార్కరుగా చేరాడు. పొద్దున్నే కోర్టుకు నీళ్ళు చల్లడం, రోలర్ లాగడం, సున్నంతో గీతలు గీయడం, మెంబర్లకు జోడీ దొరక్కపోతే అవతల నిలబడి ఆడటం ఆయన పని. తీగలు తెగిన రాకెట్లను మద్రాసు పంపేవాళ్ళు. అలా అక్కడ అల్లించుకుని తిరిగి వచ్చిన ఒక రాకెట్‌ను విప్పి, అల్లి, మళ్ళీ విప్పి, పని చేతికి ఎక్కించుకున్నాడు. బిగువు కొలిచే సాధనం లేదు. అందుకని విప్పేముందు ఆ రాకెట్ తీగ మీటి, ఆ శబ్దం చర్చి హార్మోనియంలో ఏ మెట్టుతో కలుస్తుందో వెతికి పట్టుకున్నాడు. ఆనాటి నుంచి ప్రతి రాకెట్‌నూ ఆ మెట్టుకే బిగించాడు. ఇప్పుడు మెషిన్ అంకెలు చూపిస్తుంది. అయినా అంకె ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెబితే, ఆయన చెవి మాటే వింటాడు.

ఆ వినే చెవి ఒకటే. ఎడమది చిన్నప్పుడే చీము పట్టి పోయింది. పోయిన చలికాలంలో కుడిదానికి కూడా చీము పట్టి ఆపరేషన్ జరిగింది. "ఇంకో ఏడాది విమానం ఎక్కొద్దు. గాలి ఒత్తిడికి తట్టుకోకపోవచ్చు. ఆ తర్వాతైనా ఈ చెవి ఎన్నాళ్ళు పనిచేస్తుందో నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు.

ఆ రోజు ఇంటికి రాగానే ఫ్రెడ్రిక్ భార్యతో, "రాహేలూ, జనవరిలో మెల్‌బోర్న్ పోదాం. ఓడలో" అన్నాడు.

కేర్‌గివర్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన రాహేలమ్మ బూట్లు విప్పుకుంటూ, "ఏముందండీ అక్కడ?" అంది.

"టెన్నిస్. పెద్ద టోర్నమెంటు."

"టీవీలో వస్తది కదా."

"టీవీలో మైకు పలుకుద్ది. నాకు రాకెట్ పలకాల. నలభై ఏళ్ళుగా ఒక్క శబ్దాన్ని నమ్ముకుని పనిచేస్తన్నా. అది సరైందో కాదో చెప్పినవాడు లేడు. అంత పెద్ద ఆటగాళ్ళ రాకెట్లు ఎట్టా పలుకుతాయో దగ్గరుండి వినాల. ఈ చెవి ఉండగానే."

రాహేలమ్మ మర్నాడు డ్యూటీకి పోగానే సెలవుకు అప్లై చేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక టీ తాగుతూ, పాలు పితికే యంత్రాలు బాగుచేసే షాలెం అందుకున్నాడు. "ఏం బ్రదర్, ఫెర్రీలో ఆస్ట్రేలియా పోతన్నావంట? వైహెకీ దీవికి పోయే ఫెర్రీ ఎక్కి, ఇంకాస్త ముందుకు పోనీమంటావా?"

"ఫెర్రీ కాదయ్యా, పెద్ద ఓడ. నాలుగు రోజులు."

"నాలుగా! యోనాలాగా చేప కడుపులో పోతే మూడే కదా."

"ఆ చేప ఈయన్ని ఒక్కరోజు కూడా భరించలేదు అన్నయ్యా. రేవు ఎదుటి రాంగితోటో దీవి దాటకముందే కక్కేస్తది" అంది రాహేలమ్మ. అందరూ నవ్వారు.

కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ క్లబ్బు పోటీల్లో ఆడే కిరణ్మయి మాత్రం రాకెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు, "మీ గట్టింగ్ పర్ఫెక్ట్ అంకుల్. అంత దూరం ఎందుకు?" అంది.

"నువ్వు మంచిపిల్లవమ్మా. మంచితనం కొలత కాదు" అన్నాడు ఫ్రెడ్రిక్.

ఆక్లాండ్ రేవు నుంచి ఓడ కదిలినట్టు ఆయనకు తెలియలేదు. ఒడ్డే మెల్లగా పక్కకు జరిగినట్టు అనిపించింది. కాసేపటికి దీవులు, వాటి వెనక కొండలు, కొండల మీది మబ్బులు ఒక్కొక్కటే పల్చబడి మాయమయ్యాయి. మర్నాటికి నీళ్ళు తప్ప ఏమీ లేవు.

రెండో రోజు ఓడలో గడియారాలను గంట వెనక్కి తిప్పమన్నారు. మూడో రోజు ఇంకో గంట. అనుభవించేసిన గంటను మళ్ళీ చేతిలో పెట్టినట్టుంది. రాహేలమ్మ ఆ గంటలు రెండూ నిద్రపోయింది. ఫ్రెడ్రిక్ డెక్ మీద కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కింద ఎక్కడో యంత్రం ఒకే స్వరంలో పలుకుతోంది. అది చెవికి కాక అరికాళ్ళకు వినిపిస్తోంది. దాని మీద గాలి, గాలి మీద నీళ్ళ చప్పుడు. చెవి పూర్తిగా పోయిన రోజున కూడా ఇలా కాళ్ళతో, మోచేతులతో, రొమ్ముతో ఏదో కొంత వినబడుతుందేమోనని అనిపించింది. ఆ ఆలోచన ఆయన్ను భయపెట్టలేదు. నీలం రంగులో నానుతున్న గుడ్డలా మనసు బరువుగా, మెత్తగా ఉంది. నాలుగో రోజు తీరం కనబడితే, ఇంత త్వరగానా అనుకున్నాడు.

మెల్‌బోర్న్‌లో మొదటిరోజు వృథా అయింది. మైదానం నిండా జనం, చప్పట్లు, ఐస్‌క్రీమ్ క్యూలు. బంతి తగిలిన దెబ్బ వినబడుతుంది కానీ, తీగ గొంతు ఆ హోరులో కరిగిపోతుంది. రెండోరోజు పొద్దున్నే ఇద్దరూ ప్రాక్టీసు కోర్టుల దగ్గరకు వెళ్ళి కంచె పక్కన నిలబడ్డారు.

పొడుగు జడ అమ్మాయి ఒకతె వచ్చింది. కొత్తగా గట్టింగ్ చేసిన మూడు రాకెట్లను ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని అరచేతి మొదలుతో తట్టింది. ఆరడుగుల దూరం. ఫ్రెడ్రిక్ కుడిచెవి కంచెకు ఆనించాడు. మొదటిది గంభీరంగా పలికింది. రెండోది కాస్త పైన. మూడోది తన మెట్టే! అచ్చంగా అదే!

"మూడోదే తీసుకుంటది, చూడు" అన్నాడు, భార్య చెయ్యి పట్టుకుని.

ఆ అమ్మాయి మూడోదాన్ని మళ్ళీ తట్టి, మొహం చిట్లించి, సంచిలో పడేసింది. మొదటిదానితో ఆడింది.

తర్వాత వచ్చిన ఇద్దరు మగవాళ్ళ దగ్గరా అంతే. ఆయన ఎంచింది ఒకటి, వాళ్ళు తీసుకున్నది ఇంకొకటి. చివరికి, మెడలో కార్డు వేసుకుని రాకెట్లు తెచ్చి ఇస్తున్న ఒక ముసలాయనను ఆపి, తన మెట్టును గొంతుతో పలికి చూపి, దాన్ని ఎందుకు వద్దంటున్నారని ఇంగ్లీషులో అడిగాడు. ఆయనా గట్టింగ్ పనివాడే. ఫ్రెడ్రిక్ వేళ్ళకు కాసిన కాయలు చూసి నిలబడి చెప్పాడు. "నువ్వు చెబుతున్నది జంతువుల పేగుతో తీగ అల్లిన కాలం నాటి బిగువు. చెక్క రాకెట్లకు బాగుండేది. ఇప్పటి తీగ మొండిది. దానికి అంత బిగువు పెడితే ఆడేవాళ్ళ మోచెయ్యి పోతుంది."

ఫ్రెడ్రిక్ చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాడు. రాహేలమ్మ నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది.

"చెవి పోయిందని దిగులా?"

"చెవికేం రాహేలూ, బానే ఉంది. మూడింటినీ మూడుగానే పట్టుకుంది. దానికి పాత కొలత నేర్పిందే నేను." ఆయన ఫోన్ తీశాడు. "కిరణ్మయి చెయ్యి ఎట్టా ఉందో అడగాల."

కిరణ్మయి వెంటనే ఎత్తింది. "మోచెయ్యా? ఆరు నెలల్నుంచీ నొప్పే అంకుల్. మౌస్ వల్ల అనుకున్నా. ఎందుకు?"

"మౌస్ కాదమ్మా, నేను. నీ రాకెట్లు అన్నీ పక్కన పెట్టు. రాగానే మళ్ళీ అల్లి ఇస్తా."

"అయ్యో, పోయిన నెల వాటితోనే కదా గెలిచింది!"

"గెలిచింది నువ్వు. గట్టింగ్ తప్పు. మిగతావాళ్ళకీ నువ్వే చెప్పు, ఫ్రెడ్రిక్ తప్పు చేశాడని."

"సరే అంకుల్. మీరు మ్యాచ్‌లు చూడండి ముందు."

ఆయన మ్యాచ్‌లు చూడలేదు. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే కంచె దగ్గర కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎండకు కంచె వేడెక్కేది. అరచేయి తట్టిన శబ్దం గాలిలో ఒక్క క్షణం నిలిచి ఆరిపోయేది. ఆరిపోయేలోపే దాన్ని లోపలికి తీసుకుని, పెదాలు కదపకుండా పాడుకునేవాడు. మొదట్లో అది మందకొడిగా, పని సగంలో ఆపేసినట్టు వినిపించింది. రానురాను అందులో ఒక విశ్రాంతి తెలిసింది. తీగ తనను తాను బిగబట్టుకోకుండా, దెబ్బకు ఒదిగి, మళ్ళీ లేచే శబ్దం అది.

నాలుగో రోజు ఒక కుర్రది రెండు రాకెట్లు తట్టింది.

"మొదటిది" అన్నాడు ఫ్రెడ్రిక్, కళ్ళు తెరవకుండా.

"మొదటిదే" అంది రాహేలమ్మ.

తర్వాతివాడు నాలుగు తట్టాడు. "రెండు."

"రెండోదేనండీ!" ఆవిడ గొంతు పెరిగింది. పక్కనున్న వాళ్ళు తిరిగి చూశారు. "ఇంక పదండి. టికెట్లు కొన్నాం, ఒక్క ఆటన్నా చూసిపోదాం."

"పోదాం. అదిగో, ఇంకొకాయన వస్తన్నాడు. ఈయన్ని వినేసి."