టైలరమ్మ తొట్టిలో రౌడీ

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఉప్పునీటి చేపల తొట్టిలో ఆ సామెత చెల్లదు. అక్కడ ముందొచ్చినవాడిదే ఇల్లు. వెనకొచ్చినవాడికి మూల కూడా దక్కదు. టైలరమ్మకి ఈ సంగతి తెలుసు. తెలిసీ, ఆసుపత్రి మంచం మీంచి వదిన అడిగితే కాదనలేకపోయింది.

"మిగతా చేపలన్నీ దుకాణానికి ఇచ్చేశానే. దీన్ని ఒక్కదాన్నీ ఇవ్వబుద్ధి కాలేదు. నేనొచ్చేదాకా చూడు."

వదిన తలలో గడ్డ. ఆపరేషన్ వచ్చే శుక్రవారం.

"మా తొట్టిలో రౌడీగాడికి నేను చెప్తాలే," అంది టైలరమ్మ.

"నీ మాట వాడెప్పుడు విన్నాడే? కొలతలు తీసుకుంటుంటే మనుషులే కుదురుగా నిలబడరు నీకు."

ఆ చేప పేరు నిమ్మచెక్క. అరచేయంత, పలచగా, నిమ్మపండు రంగులో ఉంటుంది. వదిన దగ్గర ఎనిమిదేళ్లు పెరిగింది. ఎవరినీ ఏమీ అనదు.

రౌడీది వేరే వంశం. నల్లటి ఒంటిమీద నీలం చారలు, తోక మొదట్లో చాకులాంటి ముల్లు. కోపమొస్తే పక్కకి తిరిగి తోకతో ఒక్క కోత కోస్తాడు. వాడొచ్చాక కొన్న రెండు చేపలూ వారం తిరక్కుండానే పోయాయి. ఆ తర్వాత టైలరమ్మ ఇంకేదీ తేలేదు. వాడితోనే సరిపెట్టుకుంది.

ఆ తొట్టి కూడా వదిన పుణ్యమే. తొమ్మిదేళ్ల కింద భర్త పోయినప్పుడు టైలరమ్మ మూడు నెలలు షాపు షట్టర్ ఎత్తలేదు. వదిన ఒకరోజు ప్లాస్టిక్ సంచీలో పిడికెడంత రాయి పట్టుకొచ్చింది. దానిమీద చొక్కా గుండీలంత పగడపు మొలకలు రెండు. "దీన్ని చావనివ్వకు. ఇంకే పనీ చెప్పను నీకు," అంది. ఆ రెండు మొలకలే పాకి పాకి, చుట్టూ పెట్టిన రాళ్లన్నిటినీ పట్టేసి, హాల్లో గోడ పొడుగునా ఒకటే గుట్ట అయ్యాయి. ఏ రాయి ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు ఆమెకే తెలియదు.

నిమ్మచెక్కని మొదట చిల్లుల పెట్టెలో పెట్టి తొట్టిలోనే వేలాడదీసింది. ఒకరికొకరు అలవాటు పడాలని. రౌడీ పొద్దస్తమానం ఆ పెట్టెని తోకతో కొడుతూనే ఉన్నాడు. నిమ్మచెక్క నాలుగు రోజులు మేతగా వేసిన సముద్రపు పాచి ముక్క ముట్టలేదు. పొట్ట లోపలికి పోయింది.

చేపల దుకాణం ఆయనకి ఫోన్ చేస్తే, "తొట్టి గాజుకి బయట అద్దం పెట్టమ్మా. అందులో ఉన్నోడితో కొట్లాడుకుంటాడు, ఇది కాస్త తిండి తింటుంది," అన్నాడు.

టైలరమ్మ షాపులోని నిలువుటద్దం ఆటోలో ఎక్కించింది. కోటు వేసి చూసుకోవడానికి వచ్చినాయన దిక్కులు చూశాడు.

"అద్దం లేని టైలర్ షాపేంటమ్మా?"

"నేను చూస్తున్నాగా. భుజాలు బాగా కూర్చున్నాయి."

"వీపో?"

"వీపు మీకు అద్దంలో మాత్రం కనబడుతుందా ఏంటి? పదండి."

అద్దం పనిచేసింది. సోమవారం, మంగళవారం, బుధవారం రౌడీ మూతి వాచేలా అద్దంలోవాడితో పోరాడాడు. పెట్టెలోంచి వదిలిన నిమ్మచెక్క ఇంకో చివర నాలుగు ముక్కలు తింది. టైలరమ్మ వీడియోలో చూపిస్తే వదిన ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. "శుక్రవారం నన్ను లోపలికి తీసుకెళ్లేముందు ఇంకోసారి చూపించు. ఎలా ఉంటే అలా. అబద్ధం చెప్పకు, నీకు చేతకాదు," అంది.

గురువారం సాయంత్రం షాపు కట్టేసి వచ్చేసరికి రౌడీ అద్దానికి వీపు తిప్పి తిరుగుతున్నాడు. అద్దంలోవాడు ఒట్టి దద్దమ్మని తెలిసిపోయింది వాడికి. నిమ్మచెక్క పంపు వెనక ఇరుక్కుని ఉంది. వీపు రెక్క పేలికలై, పక్కన తెల్లటి కోత.

మళ్లీ పెట్టెలో పెడితే ఆకలితో పోతుంది. బయట ఉంచితే పొద్దున్నకి ఉండదు. వల వేస్తే రౌడీ గుట్టలో ఒక బొక్కలో దూరి ఇంకో బొక్కలోంచి తొంగిచూశాడు.

"వాణ్ణి పట్టుకొస్తే నేనుంచుకుంటాను," అన్నాడు ఫోన్‌లో దుకాణం ఆయన. "కానీ రాళ్లు తియ్యకుండా దొరకడు."

"రాళ్లు రావండీ. అతుక్కుపోయాయి."

"అయితే దొరకడమ్మా."

ఆ రాత్రికి దీపం ఆర్పి, చీకట్లో ఇద్దరూ కదలకుండా ఉంటారని నమ్మడం తప్ప ఆమె చేయగలిగింది లేకపోయింది. శుక్రవారం అయిదింటికి లేచింది. నిమ్మచెక్క బతికే ఉంది. ఉలి, సుత్తి, రెండు టబ్బులు తెచ్చుకుంది. నీళ్లు సగం తోడింది. మొదటి దెబ్బకి చెయ్యి రాలేదు. రెండో దెబ్బకి ఊదారంగు కొమ్మ పుటుక్కున విరిగింది. తర్వాత ఇంకేమీ చూసుకోలేదు. కుట్లు విప్పినట్టు ఒక్కొక్క అతుకే విప్పి, రాళ్లని టబ్బుల్లోకి తీసుకుంటూ పోయింది. వదిన తెచ్చిన మొదటి రాయి అన్నిటికన్నా అడుగున ఉంది. అది రెండు ముక్కలైంది. తొమ్మిది కావస్తుండగా, దాక్కోవడానికి చోటు లేక మూలకి చేరిన రౌడీని వలలోకి తోసింది. చేతిమీద ఒక కోత కోసి మరీ వచ్చాడు వాడు.

వాణ్ణి బకెట్‌లో వేసి మూత పెట్టి, తోడిన నీళ్లు తిరిగి పోస్తుండగా ఫోన్ మోగింది. తెరమీద వదిన గుండు చేయించుకుని ఉంది.

"చూపించు."

టైలరమ్మ ఫోన్ గాజుకి దగ్గరగా పెట్టింది. మడ్డినీళ్లు. ఇసక. పంపు పక్కన చినిగిన రెక్కతో నిమ్మచెక్క.

"వాడేడీ?"

"బకెట్‌లో."

వదిన కళ్లు చిట్లించింది. "వెనకాల గుట్ట ఏదే?"

టైలరమ్మ ఫోన్ మళ్లీ నిమ్మచెక్క మీదికి తిప్పింది. వదిన గుట్ట సంగతి వదిలేసింది. "తిందా?" అంది.

"లేదు వదినా."

"మళ్లీ పెట్టు. నేను చూస్తాను."

టైలరమ్మ పాచి ముక్క వేళ్ల మధ్య పట్టుకుని చెయ్యి మోచేతిదాకా నీళ్లలో ముంచింది. కోత ఉప్పుకి మండింది. చేప కదల్లేదు. ఫోన్‌లో చక్రాల చప్పుడు వినబడింది. "ఇంక ఫోన్ ఇచ్చేయాలమ్మా," అంది నర్సు.

"తిందా?"

"తిన్లేదు."

"సరే. నువ్వక్కడే ఉండు," అంది వదిన. ఫోన్ ఆగిపోయింది.

టైలరమ్మ చెయ్యి తియ్యలేదు.