పెంటకుప్పలో పాతిన పేరు

నా చిన్నప్పుడు నాకు నా పేరంటే గిట్టేది కాదు. నా పేరు పెంటమ్మ. మా సిద్దిపేట వైపు పశువుల పేడ, ఊడ్చిన చెత్త, పొయ్యిలో బూడిద అన్నీ కలిపి పోసే ఎరువుకుప్పను పెంట అంటారు. ఆ కుప్ప పేరే నాకు పెట్టారు. వేరే చోట పుట్టినవాళ్ళకు ఇది వింతగా తోచవచ్చు. మా దగ్గర ఏ ఊరికి పోయినా ఒక పెంటమ్మో ఒక పెంటయ్యో ఉండేవాళ్ళు.

నాకంటే ముందు మా అమ్మకు పుట్టిన పిల్లలు దక్కలేదట. అందుకని నేను పుట్టగానే పక్కింటి చిన్నమ్మ నన్ను చాటలో పెట్టి తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెట్టిందట. కాసేపటికి, దారిలో దొరికిన పిల్లను తెచ్చినట్టు ఎత్తుకొచ్చి, గుప్పెడు తవుడు తీసుకొని మా అమ్మకే అమ్మిందట. పారేసిన పిల్ల మీద చావు కన్ను పడదని మా వాళ్ళ నమ్మకం. నేను బతికాను, పేరు నిలిచిపోయింది.

ఆ కథ తెలిసినా నాకేమీ గొప్పగా అనిపించేది కాదు. మాది చిన్నకోడూరుకు దగ్గరి పల్లె. బర్రెలను తోలుకొని బయలుదేరితే చాలు, కిరాణం కొట్టు వాళ్ళ కొడుకు తన దండును వెంటేసుకొని ఎదురొచ్చేవాడు. “పెంటమ్మొచ్చె, ముక్కులు మూస్కోన్రి!” అని వాడు అరిస్తే మిగతావాళ్ళు నిజంగానే ముక్కులు మూసుకొనేవాళ్ళు. నేను రాళ్ళు విసిరేదాన్ని. రాళ్ళు తగిలేవి కావు, మాటలు మాత్రం తగిలేవి.

ఒక దసరా తర్వాత, ఇక పెంటమ్మ అని పిలిస్తే పలకనని ఇంట్లో తేల్చి చెప్పాను. అమ్మ రెండు తగిలించింది. బాపు నవ్వి ఊరుకున్నాడు. మా తాత మాత్రం చేతిలో పార పక్కన పెట్టి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“మరి ఏమని పిలువాల్నే?”

“పూలరాణి అని.”

“పూలరాణా! మంచిగున్నది. మరి పాత పేరునేం జేద్దాం?”

“పారేద్దాం.”

“ఇంట్ల అక్కెర లేనియి మనం యాడ ఏస్తం?”

“పెంట మీద.”

“అయితే పా.”

ఇంటి వెనక పెంటకుప్ప దగ్గరికి తీసుకుపోయాడు. చిరిగిపోయిన మా అమ్మ దుబ్బాక నూలుచీర ముక్క ఒకటి ఇచ్చి, అందులో పేరు చెప్పి మూట కట్టమన్నాడు. నేను ఆ గుడ్డను నోటి దగ్గర పెట్టుకొని పెంటమ్మ అని గుసగుసగా చెప్పి, పేరు ఎక్కడ తప్పించుకుంటుందోనని గట్టిగా ముడివేశాను. తాత గడ్డపారతో లోతుగా గుంత తీశాడు. మూటను అందులో వేసి కప్పెట్టాం. ఎండాకాలం పెంటను బండికెత్తి చేనుకు తోలే రోజున మూట తీసి చూద్దామని, అప్పటికీ ఆ పేరు వద్దనిపిస్తే జీవితాంతం పూలరాణివే అని మాట ఇచ్చాడు.

ఇంట్లో నేను పూలరాణినయ్యాను. అయితే రాణికి మర్యాద జరిగిందని అనుకోకండి. “పూలు లేవు, రాణి లేదు, ముందుగాల ఆకిలూడ్వు” అని అమ్మ చీపురు చేతిలో పెట్టేది. తాతైతే చేతులు కట్టుకొని నిలబడి, “రాణిగారూ, బర్రె కుడితి కోసం ఎదురుజూస్తున్నది, జర దయజేయున్రి” అనేవాడు. నేను దర్జాగా పోయి కుడితి పెట్టి వచ్చేదాన్ని.

ఆ చలికాలమంతా తాత నన్ను పెంట పనికి వెంటేసుకొని తిరిగాడు. పేడ ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు, గుంతలో పరుచుకుంటూ రావాలి. పైన కానుగ ఆకో కంది పొట్టో వేయాలి, మధ్య మధ్య నీళ్ళు చల్లాలి. మేకల పెంటికలు వేరుగా ఎత్తి తేవాలి. ఒక పొద్దున మంచు పడుతుంటే కుప్పలోంచి ఆవిరి లేచింది. తాత నా చెయ్యి పట్టి లోపలికి దూర్చాడు. పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నెను తాకినట్టు వెచ్చగా ఉంది. నేను అదిరిపడి చెయ్యి లాక్కున్నాను. “పాణమున్నదే దాంట్ల” అన్నాడు తాత. నా పేరు లోపల చలి కాచుకుంటోందని నాకు అనిపించింది.

ఎండాకాలంలో మా బాపు సిద్దిపేట నుంచి యూరియా సంచులు తెచ్చాడు. అవి మా ఊళ్ళోకి అంతకుముందే వచ్చాయి, మా ఇంట్లోకి మాత్రం అప్పుడే. వానొస్తే ఖాళీ సంచిని నెత్తి మీద కొప్పెరలా ముసుగేసుకోవచ్చని నేను సంబరపడ్డాను. “ఇగ పెంట తోలుడు బంద్. నడుములిరగ్గొట్టుకొనుడు ఎందుకు? సంచి నెత్తిన పెట్టుకుంటే చేన్లకు నడుసుకుంట పోతది” అన్నాడు బాపు.

తాతకు కోపం రాలేదు. “ఎయ్యి బిడ్డా, నేనొద్దంటలేను. సంచి పైరుకు బువ్వ పెడ్తది. మరి మన్నుకెవడు పెడ్తడు?”

చివరికి బావి కింది వరికి సంచి వేయాలని, వానకు పండే చెలకకు పెంట తోలాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఏడు వరి కూడా బాగానే పండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

పెంట తోలే రోజు రానే వచ్చింది. తాత తవ్వుతుంటే నేను కుప్ప మీదికి వంగి మూట కోసం వెతికాను. పైన పేడ కనబడింది గాని, లోపలికి పోయే కొద్దీ పేడ లేదు, ఆకు లేదు, పొట్టు లేదు. నల్లగా, పొడిపొడిగా, తొలకరి తర్వాత నేల వాసన వేసే మట్టి ఉంది. మూట లేదు. ముడి కూడా మిగల్లేదు.

“తాతా, నా పేరేది?”

గుప్పెడు తీసి నా దోసిట్లో పోశాడు. “గిదే. మీ అమ్మ చీర ముక్క, పొయ్యిల బూడిద, బర్రె పేడ, నీ పేరు. దీంట్ల ఏది ఏదో ఏరి సూపెట్టు, జూస్త.”

నాకు ఏడుపొచ్చింది. వద్దనుకున్న పేరే అయినా, లేకుండా పోయిందంటే మనసు ఒప్పుకోలేదు. తాత ఓదార్చలేదు. తట్ట నెత్తికెత్తాడు. బండి నింపి, పైన నన్ను కూర్చోబెట్టి చెలకకు తోలాడు. ఊరి నడుమ కిరాణం కొట్టు ముందు నుంచే పోయాం. ముక్కులన్నీ మూసుకున్నాయి. నేను తల మోకాళ్ళలో దాచుకున్నాను.

మృగశిర వానకు చెలకలో మక్కజొన్న వేశాం, నడుమ సాళ్ళలో కందులు పెట్టాం. వానలు కొద్దిగా వెనకాడినా చేను తట్టుకొని నిలబడింది. కంకులు పాలుపట్టే రోజులకు చిలకలను తోలడానికి నన్ను మంచె ఎక్కించారు. తాత కింద ఎండుకట్టెల మంటేసి కంకులు కాల్చడం మొదలుపెట్టాడు. ఆ వాసన ఊరిదాకా పోయినట్టుంది. కిరాణం వాళ్ళ పిల్లగాడు తన దండుతో గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు. ఈసారి ముక్కులు బాగా తెరుచుకునే ఉన్నాయి.

“తాతా, ఒక్క కంకియ్యవా?” అన్నాడు వాడు.

“చెలక నాది గాదు బిడ్డా. పెంటమ్మది. ఆమె పేరంత గీ మన్నులనే ఉన్నది. ఆమెనే అడుగున్రి.”

వాడు నా వైపు చూశాడు. నా కొత్త పేరు వాడికీ తెలుసు, అప్పటిదాకా ఒక్కసారీ వాడలేదంతే. “పూలరాణీ, ఒక్క కంకియ్యవే” అన్నాడు గారంగా.

నేను ఇవ్వబోయాను. తాత కంకుల మీద తువ్వాల కప్పేశాడు. “పూలరాణికి గీడ చెలక లేదు. ఆమెది ఏ ఊరో ఏమో, నాకెరుక లేదు.”

కంకులు చిటపటమంటున్నాయి. పిల్లలు గుటకలు మింగుతున్నారు. వాడు కాసేపు నేల గీకాడు, కాసేపు ఆకాశం చూశాడు. చివరికి గొంతు తగ్గించి, వెక్కిరింత లేకుండా, చుట్టాన్ని పిలిచినట్టు పిలిచాడు.

“పెంటమ్మా... ఒక్క కంకియ్యవానే?”

అందరూ నా ముఖమే చూస్తున్నారు. తాత ఒక్కడే మంట వైపు చూస్తున్నాడు. పలకకపోతే నేను రాణిని, పలికితే ఈ చేను నాది. ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేసింది.

“ఓయ్!”

తాత తువ్వాల తీశాడు. నేను మంచె దిగి తలా ఒక కంకి పంచాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? “తిన్నంక పొట్టు, బెండు యాడబడితే ఆడ పారేస్తే బాగుండదు. తీస్కపోయి మా ఇంటెనక నా పెంట మీద ఏయాలె” అన్నాను. “నీ పెంటనా!” అని వాడు పగలబడి నవ్వాడు. “అవ్, నాదే” అన్నాను. ఆ సాయంత్రం పొట్టు చంకన పెట్టుకొని ఆ దండంతా వరసగా మా ఇంటి వెనక్కి నడుస్తుంటే, అమ్మ చీపురు పట్టుకొని నోరు తెరిచి చూసింది. మరుసటి ఏటికి వాళ్ళు అడక్కుండానే పేడ కూడా తెచ్చారు. వాళ్ళకు కావలసింది కంకులే, నాకు తెలుసు. అయినా పేడ పేడే.

నాకు చదువు ఆలస్యంగా అబ్బింది. పెళ్ళై పిల్లలు పుట్టాక ఊరి ఆడవాళ్ళ సంఘంలో అక్షరాలు నేర్పారు. నేర్పే అమ్మాయి మంచిది. “అక్కా, పెంటమ్మ అంటే ఎట్లనో ఉన్నది, పద్మ అని రాద్దామా? రాసుడు గూడ అల్కగ ఉంటది” అంది. పద్మకు చెలక లేదమ్మా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నా పేరే పలక మీద రాసి ఇచ్చింది, దిద్దుకున్నాను.

ఈ మధ్య సిద్దిపేటలో ఒక దుకాణంలో పెంటను పూలబొమ్మ ఉన్న సంచుల్లో నింపి అమ్ముతుంటే చూశాను. మా ఊళ్ళో ఇప్పుడు బర్రెలు తక్కువ, కుప్పలు ఇంకా తక్కువ, కొనుక్కునే రోజులు వచ్చాయి. సంచి ఎత్తి వాసన చూస్తుంటే దుకాణంలో పనిచేసే పిల్లగాడు బిల్లు రాయడానికి పేరడిగాడు. చెప్పాను. తల వంచుకొని నవ్వు ఆపుకొన్నాడు. “నవ్వు బిడ్డా, ఏం గాదు. పొద్దుగాల్లనుంచి నువ్వు అమ్ముతున్నది నన్నే గదా” అన్నాను. ఇక ఆపుకోలేక ఇద్దరం నవ్వాం. సంచి మాత్రం కొనలేదు. ఇంటి వెనక నాది నాకుంది.

ఇప్పటికీ మా వాకిట్లో కంకి తిన్నవాళ్ళు పొట్టు ఎక్కడపడితే అక్కడ పారేస్తే ఊరుకోను, మనవడైనా సరే, ఊరి పెద్దైనా సరే. ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే రెండోసారి పిలిపించుకోను.