పై దవడా, కార్బురేటరూ

2023 వానాకాలం. నరసరావుపేటలో మా దంతవైద్యశాల ఒక ఎరువుల కొట్టు మీద, మొదటి అంతస్తులో ఉంటుంది. ప్రసూతి సెలవు ముగించుకుని నేను మళ్లీ పనిలో చేరి రెండు నెలలైంది. పాపను మా అమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని. కుర్చీలో ఎవరున్నా ఒక చెవి ఫోను మీదే ఉండేది. మస్తాన్ గారు (అసలు పేరు కాదు) వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆయన మాచర్లలో మోటార్‌సైకిల్ మెకానిక్. యాభైకి దగ్గర పడ్డ మనిషి. కుడివైపు పై దవడలో వెనక పళ్లు రెండు పీకించుకుని పదేళ్లు దాటింది. అప్పటినుంచి ఎడమవైపే నములుతున్నారు. ఆ భారం మోసీ మోసీ ఇప్పుడు ఎడమవైపు పళ్లు కూడా కదలడం మొదలుపెట్టాయి. కుడివైపు గట్టి పన్ను పడకపోతే అవీ ఆట్టే కాలం నిలవవు.

“తీసి పెట్టుకునే పళ్లు కట్టించుకోలేదా?” అని అడిగాను.

“కట్టించుకున్నా మేడం. బండి కింద పడుకుని నట్టు విప్పుతుంటే జారి ఇంజనాయిల్ ట్రేలో పడ్డయ్.”

పక్కనున్న ఆయన భార్య షకీలా గారు ఊరుకోలేదు. “కడిగి మళ్లీ పెట్టుకుంటా అన్నాడు మేడం. నేనే తీసి అవతల పారేశా.”

అందుకే ఆయనకు ఊడని పళ్లు కావాలి. అంటే ఇంప్లాంట్. దవడ ఎముకలో చిన్న స్క్రూ బిగించి, దాని మీద పన్ను కడతాం. “బోల్టేగా, బిగించండి” అన్నారాయన. కానీ బోల్టు పట్టుకోవడానికి ఎముక ఉండాలి. పన్ను పోయిన చోట ఎముక కరిగిపోతుంది. పైగా ఆ చోటుకు సరిగ్గా మీదనే, ముక్కులోకి తెరుచుకునే సైనస్ అనే గాలి గది ఉంటుంది. పళ్లు పోయాక అది కిందికి దిగివస్తుంది. స్కాన్‌లో చూస్తే ఆయనకు అక్కడ ఎముక బాగా పలచబడి ఉంది.

దీనికి చేసే ఆపరేషన్‌ను సైనస్ లిఫ్ట్ అంటారు. దవడ పక్కన చిన్న కిటికీ తెరిచి, గాలి గది అడుగునున్న పొరను మెల్లగా పైకెత్తి, కింద ఎముక పొడి నింపుతాం. ఆ పొడే గ్రాఫ్ట్. నెలల తరబడి దాని మధ్య అసలు ఎముక పెరిగి గట్టిపడుతుంది. పైనున్న పొర మాత్రం ఉల్లిపొర లాంటిది.

“పొడి అంటే ఏ జంతువుది మేడం?” అని షకీలా గారు అడిగారు. చాలామంది మనసులో ఉంచుకుని అడగలేని ప్రశ్న ఇది. జంతువుల ఎముకతో చేసినవీ ఉంటాయి, ఫ్యాక్టరీలో తయారైనవీ ఉంటాయి అని చెప్పాను. ఫ్యాక్టరీదే పెట్టమన్నారు. అలాగే పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. సెలవు తర్వాత నేను ఒంటరిగా చేసిన మొదటి సైనస్ లిఫ్ట్ అది. ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మండి, స్ట్రాతో తాగొద్దు, బీడీ వద్దు అని చెప్పాను. లోపల గాలి ఒత్తిడి పెరిగితే పొర చిరిగి పొడి చెదిరిపోతుందని కూడా చెప్పాను. తిరిగి చెప్పమంటే గడగడా అప్పజెప్పారు.

కుట్లు తీసిన కొన్నాళ్లకు షకీలా గారు ఫోన్ చేశారు. “మేడం, ఈయన ముక్కులోంచి రక్తం వస్తంది. దాంట్లో ఇసకలాగా ఏందో పడతంది.”

ఆ ఇసక ఏమిటో నాకు తెలుసు. వెంటనే బయలుదేరమన్నాను. మాచర్ల బస్సు వచ్చేదాకా నాకు కాలు నిలవలేదు.

“ముక్కు చీదారా?”

“అల్లా సాక్షి మేడం. జలుబు చేస్తే తుడుచుకున్నానే గానీ చీదలా. తుమ్మొస్తే ఇట్టా నోరు బార్లా తెరుస్తన్నా. షాపులో చానా మంది నవ్వుతున్నారు గూడా.”

“బీడీ?”

“లేదు మేడం,” అన్నారు షకీలా గారు. “జేబులు నేనే చూస్తన్నాగా.”

సరే, పొద్దున్నుంచి ఏమేం చేశారో చెప్పమన్నాను.

“ఏముంది, షాపు తీశా. పాత బండ్లు రెండొచ్చినయ్. కార్బురేటర్ విప్పి, జెట్ ఊది…”

అంటూనే ఆగిపోయారు. చెయ్యి బుగ్గ మీదికి వెళ్లింది.

జెట్ అంటే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క. పెట్రోలు అందులోంచే ఇంజనుకు వెళుతుంది. నలక అడ్డం పడితే బండి ఆగిపోతుంది. మెకానిక్‌లు దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని బుగ్గలు ఉబ్బేలా ఊదుతారు.

“అది గూడా లెక్కేనా మేడం? మీరు ముక్కన్నారని నేను ముక్కే చూసుకున్నా.”

“షాపులో గాలి పంపు లేదా?”

“పక్క పంచర్ షాపులో ఉంది. లేచి పోవాలి. నోరయితే దగ్గరే ఉంటది గదా!”

“బండ్లకయితే ఊదుతాడు మేడం,” అన్నారు షకీలా గారు. “ఇంట్లో పాలు పొంగుతుంటే మాత్రం ఎదురుగా కూచుని ఊదడు.”

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. స్కాన్ తీశాం. వెనక భాగంలో పొడి చెదిరిపోయింది. ముందు భాగంలో కుప్పగా నిలిచి ఉంది. గుంటూరులో నాకు పాఠం చెప్పిన సర్జన్‌కు ఫోన్ చేస్తే, ఇప్పుడు మళ్లీ తెరవొద్దు, మందులిచ్చి పొరను మానేందుకు వదిలెయ్యి అన్నారు.

“మిగిలిందన్నా పట్టుకుంటదా మేడం?”

“చెప్పలేనండీ. ఆగి చూడాలి.”

ఆయన కోప్పడలేదు. “ఇంజన్ విప్పినాక కస్టమర్‌కి నేను చెప్పేదీ ఇదే” అని లేచారు.

ఆ నెలలు నాకు మెల్లగా గడిచాయి. ఇంట్లో పాప ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో ఉంది. దానికి దగ్గొచ్చినా పరుగెత్తేదాన్ని, మాచర్ల నుంచి ఫోనొచ్చినా అంతే. చివరికి స్కాన్‌లో ముందు భాగాన తెల్లగా ఎముక కనబడింది. వెనక లేదు. రెండు ఇంప్లాంట్లకు బదులు ఒకటే పడుతుందని, రెండోదానికి మళ్లీ గ్రాఫ్ట్ చేయాలని చెప్పాను.

“ఒకటి చాలు మేడం. మా షాపుకొచ్చే బండ్లన్నీ ఒక్క సిలిండర్‌తోనే తిరుగుతున్నయ్.”

ఇప్పుడు ఎవరికి గ్రాఫ్ట్ చేసినా, జాగ్రత్తలన్నీ చెప్పాక ఇంకో మాట అడుగుతాను: మీ పనిలో నోటితో ఏం చేస్తారు? ముందు వింతగా చూస్తారు, తర్వాత చెబుతారు. దుర్గి నుంచి వచ్చిన శిల్పి చెక్కిన రాతి పొడి ఊదుతానన్నాడు. ట్రాక్టర్ డ్రైవర్ పైపుతో డీజిల్ పీలుస్తానన్నాడు. రొంపిచెర్ల పెద్దావిడ కట్టెల పొయ్యి ఊదుగొట్టం సంగతి చెప్పింది. వీటిలో ఒక్కటీ నా అంతట నాకు తట్టేది కాదు.

మొన్న ఒక పెళ్లికి మాచర్ల వెళ్లి మస్తాన్ గారి షాపు దగ్గర ఆగాను. ఆయన కుడివైపు కొత్త పన్నుతో వేయించిన శనగలు నములుతూ జెట్ శుభ్రం చేస్తున్నారు. కూర్చునే స్టూలు కాలికి సైకిల్ పంపు ఒకటి తాడుతో కట్టి ఉంది.

“షకీలా అప్పుడే కట్టింది మేడం. ఇప్పుడు నోటి కంటే ఇదే దగ్గర.”

నేను చెప్పిన ‘వద్దు’లన్నీ ఆయన పాటించారు. అయినా పొడి చెదిరింది; మిగిలినదాన్ని కాపాడింది మాత్రం చేతికందేలా కట్టిన ఆ పంపే. ఇంటికొచ్చాక నేల మీద కూర్చుని, పాప చెయ్యి ఎంతవరకు అందుతుందో చూశాను. మందుల డబ్బా పై అరలోకి మార్చి, ఆ చోట మెత్తగా ఉడికించిన క్యారెట్ ముక్కల గిన్నె పెట్టాను.