సారు చెప్పిన రష్యా ఆటగాడు

నా చిన్నప్పుడు కొత్తకోటలో మా పిల్లలందరికీ ఒక రష్యా ఫుట్‌బాల్ ఆటగాడు తెలుసు. ఆయన్ని మేమెవరం చూడలేదు. ఏదో రష్యా పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ మా డ్రిల్లు సారు గది గోడకు అంటించి ఉండేది, అంతే. సాయంత్రం ఆట అయ్యాక సారు మమ్మల్ని మైదానంలో కూర్చోబెట్టి ఆయన కథ రోజుకు కొంచెం చెప్పేవాడు. మంచులో బూట్లు కూరుకుపోతున్నా గోల్ కొట్టేవాడట. మంచంటే ఏమిటో తెలియని మేం ఎండాకాలంలో కూర్చుని వణికేవాళ్ళం.

కొన్నాళ్ళకు కథలో ఆ ఆటగాడు ఆట మానేసి అదే క్లబ్బుకు కార్యదర్శి అయ్యాడు. అక్కణ్నుంచి సారు గొంతు మారిపోయింది. "ఇగ ఆయన పని పేర్లు రాసుడే. ఎవరు ఆడాల్నో, ఎవరు కూసోవాల్నో" అని లేచి వెళ్ళిపోయేవాడు. బల్ల ముందు కూర్చునేవాడి కథ ఎవడిక్కావాలని మేం గొణుక్కునేవాళ్ళం. మా సారూ ఒకప్పుడు పేరున్న ఆటగాడేనని, మా ఊరి జట్టుకు పేర్లు రాసేదీ ఆయనేనని మాకు తెలుసు. అయినా ఆ రెంటినీ కలిపి చూసే బుర్ర అప్పుడు ఎక్కడిది?

ఆ ఏడు పాలమూరు పోటీలకు నా పేరూ వచ్చింది. నాలుగు రోజుల ముందు మొరం మీద జారిపడి మోకాలు వాచింది. మా అవ్వ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాను. పట్టు మీదికి పొడుగు మేజోడు లాక్కుని, పళ్ళు బిగబట్టి కుంటకుండా తిరిగాను. అంత తెలివిగలవాణ్ణి, బెల్లానికి చీమలు వస్తాయన్న సంగతే మరిచిపోయాను.

బయలుదేరే పొద్దున బస్సు కోసం వరుసలో నిలబడ్డాం. నా మేజోడు మీద చీమలబారు ఎక్కుతోంది. సారు చూశాడు. వంగి మేజోడు కిందికి లాగాడు. చెంప పగులుతుందనుకున్నాను. ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. జేబులోంచి జట్టు పేర్ల కాగితం తీసి నా పేరు కొట్టేశాడు.

నేను బోరుమన్నాను. మీ రష్యా ఆయనైతే నన్ను ఆడనిచ్చేవాడని అందరి ముందూ అరిచాను.

"ఆడనిచ్చిండు బిడ్డా" అన్నాడు సారు. "మోకాలు వాచిందని తెల్సి గూడ పేరు రాసిండు. పిలగాడు బతిమిలాడిండు. ఆయన గూడ ఆడినోడే గదా, కాదనలేకపోయిండు. సగం ఆటల పడ్డడు. భుజానేసుకొని పాలమూరు దవాఖానకు ఉరికిన. కాలు తీసేసిండ్రు."

రష్యాలో పాలమూరు దవాఖాన ఎక్కడిది? తానేమన్నాడో సారుకూ వినపడింది. సర్దుకోలేదు. ఆ బొమ్మలోని మనిషి పేరు చెప్పి ఆయన ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నది తన కథే. నా ఏడుపు ఆగిపోయింది.

మా జట్టు ఓడిపోయి వచ్చింది. నెల రోజులు నాతో ఎవడూ మాట్లాడలేదు. సారు మళ్ళీ రష్యా కథ ఎత్తలేదు. నా మోకాలు బాగై పదేళ్ళు ఆడాను గానీ, మైదానంలో ఎవరు కిందపడినా నేనెన్నడూ చూడని ఆ పిల్లవాడే పడ్డట్టు గుండె జారేది. ఇప్పటికీ జారుతుంది.

కొత్త జిల్లాలు వచ్చాక మా ఊరి క్లబ్బుకు నన్ను కార్యదర్శిని చేశారు. పేర్లు రాయడం ఇప్పుడు నా పని. పోయిన ఏడు చీలమండ వాచిన పిల్ల ఒకతి "తాతా, మా బాపు చూడనీకి వస్తాండు, గీ ఒక్కసారి" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పేరు ఉంచేద్దామని ఎంత ఆశ పుట్టిందో నాకే తెలుసు. కొట్టేశాను. ఇట్లా ఎందరినో వెనక్కి పంపాను. తిట్టుకుంటూ పోతారు, నాకు వినిపిస్తూనే ఉంటుంది. అయినా వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతాను. కుంటుతూనైనా రెండు కాళ్ళ మీద ఇంటికి పోతున్నారు కదా అని చూసుకుంటాను.